దేవాంగపిల్లి రాసిన దారి

మా ఇంట్లో తిరగవాత పెట్టి మూడేళ్ళయింది. ఇంగువ, వెల్లుల్లి, కొబ్బరినూనె, సబ్బు, అగరుబత్తి, జడలో పూలు, ఒక్కొక్కటే గడప దాటి వెళ్ళిపోయాయి. చారు అంటే మా ఇంట్లో చింతపండు పిసికిన వేడినీళ్ళు. మా యామిని తొమ్మిదేళ్ళ పిల్ల. ఆదివారం వాళ్ళ నాయన వచ్చే ముందు ఒట్టి నీళ్ళతో స్నానం చేసి, ఎండలో ఆరిన పాత గౌను వేసుకొని, గాలి ఎటు వీస్తోందో చూసుకొని, ఆయనకు పదడుగుల దూరంలో కూర్చుంటుంది.

"పక్కింట్లో ఉప్మా తినొచ్చినావా పాపా? వాళ్ళు జీడిపప్పు యేసుకొని నీకు యెయ్యలేదే" అనేవాడు ఆయన.

మొదట్లో ముగ్గురం పడీపడీ నవ్వేవాళ్ళం. ఒక ఆదివారం పాపకు జ్వరం. ముద్దు చేయబోయి దగ్గరికి తీసుకున్నవాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని వీధిలోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. పాప ఏడవలేదు. "నేను అంత కంపు కొడతా ఉండానామ్మా?" అని మాత్రం అడిగింది. ఆ రోజునుంచి మాకు నవ్వు రాలేదు.

మా ఆయన పేరు చెంగల్రాయులు. పలమనేరు అవతల, అడవి అంచున దేవాంగపిల్లుల కేంద్రం ఉంది. అందులో ఆయన ఉద్యోగం వాసన చదవడం. భూమ్మీద ఆ పని చేసే మనిషి ఆయన ఒక్కడే. గొప్ప అనుకొనేరు, నాకైతే ఆ గొప్పను ఎవరికైనా దానం ఇచ్చేయాలని ఉండేది.

దేవాంగపిల్లి పిల్లి కాదు. అరచేతిలో పట్టే ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, ముఖమంతా కళ్ళే, తోక ఉండదు. మడగాస్కర్ దీవిలోని లెమూర్లకు దూరపు చుట్టం. ఆ దీవిలో ఆఖరి లెమూరు పోయిందని నా పెళ్ళయిన ఏడాది టీవీలో చెబుతుంటే నేను ఛానల్ మార్చాను. మా కొండల్లో ఇవి ఒకప్పుడు వందలుండేవట. కంటిమందుకని కొందరు, చేతబడికని కొందరు పట్టుకుపోయారు. మిగతావి రోడ్ల కిందా, మామిడి తోటల కిందా పోయాయి. నేను చెప్పే నాటికి మిగిలింది అడవిలో పుట్టి కేంద్రానికి చేరిన ముసలి ఆడది ఒకటి, చచ్చిపోయిన మగదాని బీజం మంచుసీసాల్లో కాస్త, ఆ బీజంతో ఈ ఆడదానికి పుట్టిన కవల పిల్లలు రెండు. జాతి అంటే అంతే. ఆ ఆడదాన్ని అందరం పెద్దామె అనేవాళ్ళం.

కేంద్రంలో పగలే రాత్రి. ఇవి చీకట్లో తిరిగే జీవాలు కాబట్టి, మనుషుల పనికి వీలుగా కిటికీలన్నీ ఎప్పుడూ మూసే ఉంచి, రాత్రి పెద్దలైట్లు వేస్తారు, పొద్దున తొమ్మిదికి అవి ఆర్పి ఎర్రబల్బులు సన్నగా వెలిగిస్తారు. పెద్దామెకు అప్పుడు పొద్దుగూకినట్టు. కొమ్మమీద ముడుచుకున్నది మెల్లగా విప్పుకుంటుంది. అరచేతిలో కాస్త ఉచ్చ పోసుకుంటుంది. దాన్ని రెండు చేతులకూ రెండు కాళ్ళకూ పట్టించుకుంటుంది. అప్పుడు నడక మొదలు. తొందర లేని నడక, ఒక చెయ్యి గట్టిగా పట్టుకున్నాకే ఇంకో చెయ్యి వదులుతుంది. నడిచినంత మేరా కొమ్మమీద తడి గుర్తులుంటాయి.

మొదటిసారి చూసి నేను ముక్కు మూసుకున్నాను. డాక్టర్ ఇందుమతి మేడం నవ్వింది. ఆ కేంద్రానికి పెద్ద ఆవిడే, గుంటూరు వైపు మనిషి.

"అది శుభ్రం లేక చేసే పని కాదు మునిలక్ష్మీ. అది రాసుకుంటోంది" అంది. "ఏ కొమ్మ బరువు ఆగుతుంది, ఏ పురుగు కుడుతుంది, పిల్లను ఎక్కడ దాచాను, అన్నీ రాస్తుంది. పిల్లలు తల్లి వెనకాల నడిచి చదువుకుంటాయి. మనమే చదువురాని వాళ్ళం."

అంతకుముందు రెండుసార్లు, తల్లి లేకుండా సీసాపాలతో పెరిగిన పిల్లల్ని అడవిలో వదిలారట. నాలుగు రోజులు తిరక్కుండా అన్నీ చచ్చిపోయాయి. తిండి లేక కాదు, ఎటు వెళ్ళాలో తెలియక కొమ్మ పట్టుకొని కూర్చున్నచోటే చచ్చిపోయాయి. అందుకని మేడం ఒక యంత్రం చేసింది. అది కొమ్మమీద ఏ వాసన ఎంతుందో కొలుస్తుంది, ఏ వాసననైనా కలిపి, చుక్కచుక్కగా కొమ్మమీద రాసిపెడుతుంది. కంచె వేసిన అడవిలో తల్లి దారిని అది ముందే రాస్తే పిల్లలు అందులో నడుస్తాయి. చిక్కల్లా ఏ కలయికకు ఏ అర్థమో యంత్రానికి తెలియదు. చెప్పడానికి మనిషి ముక్కు కావాలి.

అలాంటి వాసనలు పట్టే సన్నని గొట్టం ఒకటి తల్లి కడుపులో మనిషికి కూడా మొదలవుతుందట, పుట్టాక ఎందుకూ కొరగాకుండా పోతుందట. దాన్ని మళ్ళీ మొలిపించే సూదిమందు మేడం కనిపెట్టింది. ముందు తనకే వేసుకుంది. గొట్టం మొలవలేదు, ఉన్న ముక్కు చచ్చిపోయింది. ఇప్పుడు ఆవిడకు మల్లెపూలూ మురుక్కాలువా ఒకటే. తరువాత ఇద్దరు విద్యార్థులు వేయించుకొని, వారం తిరక్కుండా తల పట్టుకొని పారిపోయారు. నాలుగో మనిషి మా ఆయన. పన్నెండేళ్ళు అడవిలో వాచరుగా చేసినవాడు, కళ్ళు మూసుకొని ఏ చెట్టుమీద దేవాంగపిల్లి ఉందో చెప్పేవాడు. ఆయనకు మాత్రం మందు పట్టేసింది.

విరుగుడు సూది ఉంది. మూడేళ్ళలోపు వేసుకుంటేనే పని చేస్తుంది. వేసుకున్నా పదిమందిలో ముగ్గురికి మామూలు వాసనలు కూడా తెలియకుండా పోవచ్చని మేడం దాచకుండా చెప్పింది. కార్తీకం మొదటి సోమవారానికి మూడేళ్ళు నిండుతాయి. పెద్దామె దారిలో నలభై కొమ్మలుంటే దసరా నాటికి మా ఆయన ముప్ఫైఒకటి చదివాడు. మిగతా తొమ్మిదీ అయితే పిల్లలు అడవికి, ఆయన ఇంటికి. మేడంకు జాతి కావాలి, అందులో తప్పులేదు. నాకు మొగుడు కావాలి. నేను కూడా ఆ కేంద్రంలోనే మిడతలు పెంచే గదిలో చేరాను, రోజూ గాజు అవతల నుంచైనా ఆయన్ను చూడొచ్చని.

పిల్లల సంగతి ఒకటి చెప్పాలి. మేతకు వెళ్ళేటప్పుడు పెద్దామె వాటిని వెంట తీసుకుపోదు. ఒక్కోదాన్ని ఒక్కో కొమ్మమీద కూర్చోబెట్టి వెళుతుంది. అవి కదలవు, కిక్కురుమనవు. అలా ఉండటమే వాటికి తల్లి నేర్పిన మొదటి పాఠం. తెల్లవారే వేళకు, అంటే కేంద్రంలో రాత్రి తొమ్మిదికి, తన దారి తానే చదువుకుంటూ వచ్చి ఎత్తుకుంటుంది.

మహర్నవమి రోజు మేడం, మా ఆయన కంచె అడవిలో చెట్లు చూడటానికి పొద్దున్నే జీపులో వెళ్ళారు. కేంద్రంలో నేనూ, కరెంటు పనులు చూసే దొరస్వామీ ఉన్నాం. దొరస్వామి మంచివాడు, ఒక స్క్రూ బిగించినా కళ్ళకద్దుకొని బిగిస్తాడు. అతను పళ్ళెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పెట్టుకొని నా గది ముందుకు వచ్చాడు.

"అక్కా, ఆయుధపూజ. మూడేండ్లుగా మేడం వద్దంటా ఉండాది. యేడాదంతా మన మాట ఇనే మిషన్లకు ఒక బొట్టన్నా పెట్టకపోతే యెట్ల?"

"లోపల ఏమీ కూడదప్పా, తెల్సు గదా."

"లోపల కాదుమే తల్లీ. ఎనకాల బయట ఉండాదే, గాలి మిషను, దానికి. ఆరుబయట పని. అది ఆగిపోతే లోపల ఒక్క పానమన్నా ఉంటాదా?"

నాకు కూడా మనసు లాగింది. మూడేళ్ళుగా ఒక దీపం ధూపం లేని బతుకు. పూజ చేస్తే మిగతా తొమ్మిది కొమ్మలూ సజావుగా అయిపోతాయేమో అనిపించింది. బయటే కదా అనుకున్నాను. అతను యంత్రానికి పసుపు పూసి బొట్లు పెట్టాడు, నిమ్మకాయ కోశాడు. నిప్పులమీద సాంబ్రాణి నేను వేశాను. ధూపం పట్టుకొని యంత్రం చుట్టూ మూడుసార్లు తిరిగాను. పొగ పైకి పోకుండా యంత్రం వైపు ఒరిగి సర్రున లోపలికి పోతుంటే, చూడు, అమ్మవారు అందుకుంటోంది అన్నాడు దొరస్వామి. నేను దండం పెట్టుకున్నాను. గాలిని లోపలికి లాగడమే దాని పని అని ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతి ఆ పది నిమిషాలూ గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు జీపు వచ్చింది. గేటు దగ్గరే మా ఆయన దూకేశాడు. ముక్కునుంచి రక్తం కారుతోంది. నేరుగా లోపలికి పరుగెత్తాడు. నేను గాజుకు ముఖం ఆనించి చూశాను.

పెద్దామె నడుస్తోంది. ఒక కొమ్మ దగ్గర ముక్కు ఆనించి, వెనక్కి వచ్చి, ఇంకో కొమ్మకు వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి. తను రాసుకున్నది తనకే అందటం లేదు. ఈల వేసింది. పిల్లలు బదులివ్వలేదు. తల్లి వచ్చి ఎత్తుకొనేదాకా నోరు విప్పకూడదని వాటికి తెలుసు. ఒకటి ఆమెకు మూడడుగుల దూరంలోనే ఆకుల చాటున బిగుసుకొని కూర్చొని ఉంది.

ఆ రోజంతా, మర్నాడంతా ఆమె వెతికింది. చివరికి మా ఆయన చేతితొడుగులకు ఆమె ఉచ్చే పట్టించి, పిల్లల్ని తీసుకెళ్ళి ముందు పెట్టాడు. ఆమె వాసన చూసింది. వాటి ఒంటినిండా సాంబ్రాణి. పక్కనుంచి దాటుకొని, తన పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

సీసాపాలు, ఎలక్ట్రిక్ దుప్పటి, డాక్టర్లు, అన్నీ అయ్యాయి. చిన్నది మూడోరోజు పోయింది, పెద్దది నాలుగోరోజు.

మేడం అందరినీ కూర్చోబెట్టి ఎవరు చేశారని అడిగింది. దొరస్వామి ఏడుస్తూ చెప్పేశాడు, నా పేరు మాత్రం చెప్పలేదు. నేను నోరు తెరవలేదు. పిరికితనమే, ఇంకో పేరు లేదు దానికి. ఆ సాయంత్రం మా ఆయన మిడతల గదికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నా చేతులవైపు చూశాడు. నాలుగు రోజులుగా ఇటుకపొడితో రుద్ది రుద్ది కడిగిన చేతులు అవి.

"బువ్వ తిన్నావా?" అని అడిగాడు.

"నేనే యేసినానయ్యా సాంబ్రాణి."

"తెల్సు" అన్నాడు. "గేటు కాడే తెల్సు."

తిట్టినా, కొట్టినా బాగుండేది నాకు.

పెద్దామె తిండి మానేసింది. ఆమె బతికితేనే సీసాలో మిగిలిన బీజంతో ఇంకో ప్రయత్నం ఉంటుంది. ఐదోరోజు మేడం మా ఆయన్ను పిలిచింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"రాయులూ, పిల్లల వాసన యంత్రంలో ఉంది. దాన్ని మేత పెట్టే కొమ్మ దాకా రాద్దాం. పిల్లలు అటే ఉన్నాయనుకొని వెళుతుంది. వెళితే తింటుంది. తింటే బతుకుతుంది."

"పోయి చూస్తే బిడ్డలుండవు గదా మేడం."

"ఉండవు. మర్నాడు ఇంకో కొమ్మమీద రాద్దాం."

"అది అబద్ధం మేడం. దానికి అబద్ధం రాసేది రాదు. అబద్ధం ఒకటి ఉంటాదని కూడా తెలీదు దానికి."

మేడం కళ్ళు కూడా వాచి ఉన్నాయి. "నాకూ ఇష్టం లేదయ్యా. ఇంకో మార్గం ఉంటే చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది.

మా ఆయన దగ్గర మార్గం లేదు. ఎవరి దగ్గరా లేదు. రోజూ పొద్దున తొమ్మిదికి పిల్లల వాసన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో యంత్రానికి ఆయనే చెప్పాడు. పెద్దామె ఆ దారిన ఆత్రంగా వెళ్ళేది. అంత ఆత్రం ఆ జీవం నడకలో నేనెన్నడూ చూడలేదు. కొమ్మ చివర పిల్లలుండవు. పక్కనే మిడతలుండేవి, నేను కాళ్ళు విరిచి పెట్టినవి. కాసేపు వెతికి, రెండు తిని, చేతులు తడుపుకొని, ఆ చివరన ఏదో రాసి వెళ్ళేది. సాయంత్రం మా ఆయన వెళ్ళి అది చదవాలి, యంత్రానికి చెప్పాలి.

"ఏం రాస్తాదయ్యా?" అని అడిగాను ఒకరోజు.

"మాటలు గాదు మే అది. మన మాటల్లో చెప్పాలంటే, వచ్చినా, నువ్వు లేవు, మళ్ళా వస్తా, కదలొద్దు. అంతే. రోజూ అంతే. నిన్న ఇంగొకటి రాసింది."

"ఏంది?"

"తప్పు నాదే అని."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన నా తలమీద చెయ్యి పెట్టబోయి, వాసనకు ఆగిపోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పదకొండు రోజులు ఇలా నడిచింది. పన్నెండోరోజు పెద్దామె పిల్లల వాసన దాకా వచ్చి ముక్కు ఆనించి, తిరిగి వెళ్ళి తన కొమ్మ పట్టుకొని కూర్చుంది. చేతులు తడుపుకోలేదు. ఆ తరువాత నాలుగు రోజులు ఒక్క అక్షరం రాయలేదు. డాక్టర్లు కొమ్మ దగ్గరే ద్రవం ఎక్కించారు. బీజం మాట ఎత్తడం మానేశారు.

గడువు ఇంకా మూడు రోజులుంది. నేను ఆయన ముందు నిలబడ్డాను.

"ఇంగ చదివేదానికి ఏముండాది? సూది యేసుకో. ఇంటికి రా."

"పానం ఉండాది గదా దానికి. మళ్ళా రాస్తే?"

"రాయదు. నువ్వే చెప్పినావు, చెయ్యి కూడా తడపలేదని. ఈడ కూకోని ఏం చేస్తావు? పాప తొమ్మిదేండ్ల బిడ్డ, ఆరేండ్లప్పుడు కడసారి నిన్ను పట్టుకునింది. దానికీ ఒక నాయన కావాల గదా! పెద్దామె కోసం అయితే మూడేండ్లు కూకున్నావు, నీ బిడ్డ కోసం ఒక్క సూది యేసుకోలేవా?"

నేను ఆడవలసిన మాట కాదు అది, అందులోనూ నేను. కానీ ఆడాను. మేడం కూడా వెళ్ళమనే చెప్పింది. మర్నాడు ఆయన చొక్కా చేతులు మడిచి చెయ్యి చాచాడు.

రెండు రోజులు జ్వరం. మూడోరోజు తెల్లవారి ఇంట్లో నేను నూనె కాచి ఆవాలు, ఇంగువ, ఎండుమిరపకాయలు వేశాను. పొగకు పాపా నేనూ దగ్గాం, దగ్గుతూనే నవ్వుతున్నాం. ఆయన గడపమీద కూర్చొని మావైపు చూస్తున్నాడు. ఆయన దగ్గలేదు.

"తిరగవాత యేసినావా?" అన్నాడు. బాణలి చూసి అడిగాడు. పదిమందిలో ముగ్గురన్నారే, ఆ ముగ్గురిలో పడ్డాడు.

అయినా పాప ఎగిరి ఆయన ఒళ్ళో పడింది. ఆయన దాన్ని కరుచుకొని, దాని జుట్టులో ముఖం పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. నేను పొయ్యి ఆర్పేసి గోడవైపు తిరిగాను.

అప్పుడే మేడం ఫోను. "రాయులూ, రాత్రి పెద్దామె లేచింది" అంది. "కెమెరాలో ఉంది. చేతులు తడుపుకుంది. ఎన్నడూ లేనంత రాసింది, తన కొమ్మ ఈ చివరనుంచి ఆ చివరదాకా, మళ్ళీ మళ్ళీ, రెండు గంటల సేపు. తరువాత..." అని ఆగిపోయింది.

మేం వెళ్ళేసరికి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మూడేళ్ళలో మొదటిసారి ఆ గదిలో ఎండ చూశాను. పెద్దామె కొమ్మ పట్టుకొనే ఉంది. అవి చచ్చాక కూడా పట్టు వదలవు. డాక్టరు వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతుంటే మేడం రెండు చేతులూ కింద చాచి నిలబడింది. యంత్రం కాగితం మీద అంకెలు వరసలు వరసలుగా కొట్టిపెట్టింది. ఏ వాసన ఎంత, ఏ జాగాలో, అన్నీ ఉన్నాయి. వాటిలో ఎప్పుడూ చూడని కలయికలు పదిహేడని మేడం చెప్పింది. వాటి అర్థం చెప్పగల ముక్కు లోకంలో లేదు.

మా ఆయన కొమ్మ దగ్గరికి వెళ్ళాడు. వంగి, రోజూ చేసినట్టే ఆ చివరనుంచి ఈ చివరదాకా ముక్కు ఆనించుకుంటూ వచ్చాడు. మళ్ళీ మొదటికి వెళ్ళాడు. మూడోసారి మోకాళ్ళమీద కూర్చొని చెంప ఆనించాడు.

"ఒట్టి కట్టె" అన్నాడు.

ఆయన నావైపు తిరిగాడు.

"నువ్వు చూడు మే. నీ ముక్కు బాగుండాది గదా. చూసి చెప్పు."

నేను పక్కన కూర్చొని వంగాను. ఆరిపోయిన ఉచ్చ కంపు, తడిసిన చెక్క వాసన. ఏ మనిషికైనా తెలిసేది అంతే. తలెత్తితే ఆయన నా నోటివైపే చూస్తున్నాడు.

"బిడ్డలు దొరికినాయని రాసిందయ్యా" అన్నాను. "రెండూ దొరికినాయంట. ఎత్తుకుండాదంట."

నాకు చదువు రాదని ఈ లోకంలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. తల ఊపాడు. కొమ్మమీద నుంచి చెయ్యి తీయకుండానే, "ఇంగొకసారి చెప్పు మే" అన్నాడు.

ఇంకొకసారి చెప్పాను.